వైరం లేనివారికే ప్రవేశం

ఆగస్టు 3

హల్మారా నుంచి నాలుగో ఉత్తరం వచ్చింది. మొదటి మూడూ అలమారలో పడి ఉన్నాయి. వాటికి నేను జవాబు రాయలేదు. గుమాస్తాల భాషకు జవాబు రాయడం మొదలుపెడితే మన చేతిరాత కూడా పాడవుతుంది.

ఈసారి ఉత్తరం ఇలా ఉంది: "ఘంటా పరాంకుశము గారికి, మా శాంతిగృహమున నిలుపుదల చేయబడిన మోకా వకుళ అను ఇంజనీరు యొక్క వైరము తమ మీదనే ఉన్నట్లు పదవసారి కూడా నిర్ధారణ అయినది. వైరమునకు పాత్రులైన వారు స్వయముగా వచ్చి ఎదుట నిలిచినచో, ఆమె నాడి యాభై కంటె దిగువకు వచ్చినచో, విడుదల చేయగలము. రాబోవు అక్టోబరు సదస్సు ముగియులోగా తమరు రానిచో ఆమెను ఉత్తర ద్వీపములోని శాశ్వత నివాసమునకు తరలించెదము."

వైరానికి పాత్రులైన వారట! ఏదో బిరుదు ఇచ్చి శాలువా కప్పినట్టు.

శాశ్వత నివాసం నుంచి తిరిగొచ్చిన వాళ్ళు లేరు. ఆ ముక్క ఉత్తరంలో రాయలేదు గానీ అందరికీ తెలుసు.

జరిగింది రాసిపెడతాను. పోయిన అక్టోబరులో కొత్త బందరు కట్ట సంస్థ నుంచి మేం ఐదుగురం హల్మారాలో ఉప్పెన లాకుల సదస్సుకు వెళ్ళాం. ఆ దేశంలోకి అడుగుపెట్టాలంటే నాడి గేటు దాటాలి. దేశంలో ఉన్న ఏ మనిషి మీదైనా మన మనసులో ఉన్న వైరాన్ని ఆ గేటు అంకెగా చూపిస్తుంది, యాభై దాటితే పట్టేస్తుంది. పదిహేనేళ్ళ కింద అక్కడి సభలో ఒక పండితుడు ఇంకో పండితుణ్ణి మంచినీళ్ళ కూజాతో కొట్టి చంపాడు. అప్పట్నుంచీ ఈ ఏర్పాటు. కొట్టినవాడి వ్యాసం చదివాను. చచ్చినవాడి వ్యాసమూ చదివాను. కూజాకు ఇద్దరూ తగినవాళ్ళే.

వరసలో వకుళ నా ముందు ఉంది. గేటు ఆమెను ఆపింది. ఎవరి మీద వైరం అని అడిగితే తల తిప్పి నన్ను చూసింది. నా నాడి మాత్రం ఎనిమిది చూపించింది, నన్ను వదిలారు. నేను లోపలికి వెళ్ళాను. వ్యాసం చదివాను. విందు తిన్నాను. వచ్చేశాను.

చట్టం వాళ్ళది. నాది కాదు.

ఆగస్టు 4

పొద్దున్నే ఉప్పు గోకడానికి కట్ట దగ్గరికి వెళ్ళాను. కొత్త బందరులో ఇంటికి నాలుగు బారల కట్ట వంతు. బయటి మెట్టు మీద నిలబడి, గోడకు పట్టిన ఉప్పును రేకుతో గోకి చేటలోకి ఎత్తాలి. వారం గోకకపోతే ఉప్పు ఇటుకల్ని తినేస్తుంది. డెబ్బై ఆరేళ్ళవాడినని నాకు మినహాయింపు ఇవ్వబోయారు. వద్దన్నాను. వీళ్ళ జాలి కంటే ఉప్పే నయం.

నా పక్క వంతు వకుళది. పది నెలలుగా దాన్ని ఆమె తమ్ముడు పోలయ్య గోకుతున్నాడు. లాకుల దగ్గర లస్కరు పని అతనిది. సముద్రం పోటెక్కి ఆఫీసు చెప్పిన మట్టానికి రాగానే లాకు తలుపులు మూయాలి.

"ఉత్తరం వచ్చిందంటగా మేస్టారూ," అన్నాడు, గోకుతూనే.

"వచ్చింది."

"ఏమని రాశారు?"

"రమ్మని."

"ఎల్తున్నారా?"

"ఆలోచిస్తున్నాను."

"ఆలోచించండి, ఆలోచించండి. మా అక్కకేం తొందర? అక్కడ కూడు పెడుతున్నారు, గుడ్డ ఇస్తున్నారు." చేట ఎత్తి ఉప్పు సముద్రంలోకి విసిరాడు. సగం గాలికి నా మీద పడింది. "అయ్యో, చూళ్ళేదండి," అన్నాడు. చూసే విసిరాడు.

ఆగస్టు 11

వకుళకు నామీద ఎందుకు అంత కోపమో కూడా రాయాలి. లేకపోతే ఈ దినచర్య చదివేవాడు నన్ను రాక్షసుడనుకుంటాడు. నేను రాక్షసుణ్ణి కాను. సరైనవాణ్ణి. జనానికి తేడా తెలియదు.

మా సంస్థలో ఒక ఆచారం ఉంది. ఏ నక్షా అయినా కట్టడానికి ముందు తప్పుల పఠనం జరగాలి. నక్షా గీసినవాళ్ళు సభలో నిలబడతారు. సంస్థలో అందరికంటే పెద్దవాడు ఆ నక్షాలోని తప్పులు ఒక్కొక్కటే పైకి చదువుతాడు. గీసినవాళ్ళు ఏడాది దాకా జవాబు చెప్పకూడదు. ఏడాదిపాటు నోరు మూసుకుంటే, చెప్పదలచినదాంట్లో సగం చెత్త అని వాళ్ళకే తెలుస్తుంది. మంచి ఆచారం. ఇంకా పదేళ్ళ మౌనం పెట్టాల్సినవాళ్ళు నాకు కొందరు తెలుసు.

రెండేళ్ళ కింద వకుళ కొత్త లాకుల నక్షా తెచ్చింది. అందరికంటే పెద్దవాణ్ణి నేను. పద్నాలుగు తప్పులు చదివాను. పదమూడు చిన్నవి. పద్నాలుగోది లాకు మూసే మట్టం. ఉండాల్సినదానికంటే ముప్పై ఒక్క సెంటీమీటర్లు తక్కువలోనే మూయాలని రాసింది. అంటే నీళ్ళు ఇంకా దూరంగా ఉండగానే తలుపులు బిగించుకుని కూర్చోవడం. "ఇది భయంతో వేసిన లెక్క, ఇంజనీరు వేసిన లెక్క కాదు," అని చదివాను. సభ నవ్వింది. ఆమె నక్షా పక్కకు పోయింది. నా మట్టంతో నా లాకులు కట్టారు.

ఏడాది మౌనం ముగిసేది సరిగ్గా పోయిన అక్టోబరుకు. జవాబు హల్మారా సభలో చెప్పాలని వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది.

ఆగస్టు 19

ప్రయాణ భద్రతా సంఘం సమావేశం. దాని అధ్యక్షుడు డాక్టర్ చెన్నుపాటి సుధాంశు. ఒకప్పుడు నా దగ్గర మూడేళ్ళు పనిచేశాడు. ఆ మూడేళ్ళలో నా ఆటుపోట్ల పుస్తకాలు ఆరు ఎత్తుకుపోయి, వాటికి అట్ట మార్చి డాక్టరయ్యాడు. దొంగతనంలో కూడా ఒక నేర్పు ఉంటుంది. ఇతగాడు నా అంకెల తప్పులు కూడా దిద్దకుండా దొంగిలించాడు.

ఈ ఏడాది సదస్సులో నా లాకుకు పతకం ఇస్తారట. పదిహేడు డెల్టా పట్టణాలకు అదే నమూనా అవుతుందట. అందుకని మా సంస్థ తరఫున పదకొండుమంది వెళుతున్నారు. లాకు కట్టింది ఒకడు. విందు తినేది పదకొండుమంది.

సుధాంశు నలభై భద్రతా నియమాలు చదివాడు. మూడోది: విదేశంలో ఒంటరిగా నడవరాదు. తొమ్మిదోది: గత సంవత్సరపు సంఘటన గురించి ఎవరితోనూ ప్రస్తావించరాదు. పన్నెండోది: సభ్యులెవరూ నాయకుని సంతకం లేకుండా శాంతిగృహం వైపు వెళ్ళరాదు. ఆ సంఘటనకు ఒక పేరుందనీ, ఒక తమ్ముడున్నాడనీ ఎవరికీ గుర్తు రాలేదు.

"గురువుగారూ, మీ భద్రతే మాకు ముఖ్యం," అన్నాడు నావైపు తిరిగి.

"నా భద్రత గురించి నువ్వు ఆలోచించడం మొదలుపెట్టావని తెలిసినప్పట్నుంచీ తలుపు గడియ వేసుకుంటున్నానయ్యా."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వడం అతనికి ఒక ఉద్యోగం.

తరవాత గ్రేసమ్మ దగ్గర శిక్షణ. ప్రయాణికులు గేటు దగ్గర పట్టుబడకుండా తయారుచేసే మనిషి ఆవిడ. లావుపాటి మనిషి, చర్చిలో పాడుతుంది, పొద్దున్నుంచీ ఎవరో ఒకరి కోపం కొలుస్తూ ఉంటుంది. నా మణికట్టుకు నాడిపట్టీ కట్టి ఒక్కొక్కరి ఫోటోలు చూపించింది. నేను అసహ్యించుకునేవాళ్ళ జాబితా ముందే అడిగితే నలభై ఒక్క పేర్లు ఇచ్చాను.

ఫోటో మారుతోంది. నాడి ఏడు, ఎనిమిది, ఏడు. సుధాంశు ఫోటోకు ఆరు.

"ఇదేంటండీ మాస్టారూ! ఇంతమంది మీద కచ్చ పెట్టుకుని మీ నాడి చంటిపిల్లాడిలా పడుకుందేంటి?"

"అది కచ్చ కాదమ్మా. చులకన. కోపం రావాలంటే ఎదుటివాడు మనంత ఉండాలి."

ఆవిడ ఫోటోలు పక్కన పెట్టింది. "అసలు మీకు మనుషులంటే లెక్కే లేదు కదండీ," అంది. మెచ్చుకోలు కాదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. పెద్దలు చెప్పిన ఆరుగురు అంతఃశత్రువుల్లో క్రోధం ఉంది, మదం ఉంది, మాత్సర్యం ఉంది. చులకన లేదు. పెద్దలు మర్చిపోయారనుకోను. వాళ్ళూ దాని మీదే బతికి ఉంటారు.

ఆగస్టు 27

కట్ట మెట్టు మీద ఈ పొద్దున పోలయ్యతో మళ్ళీ.

"మేస్టారూ, మీ నడుంనొప్పి ఎట్టా తగ్గిందండీ?"

"ఎవరు చెప్పారు తగ్గిందని?"

"ఎవరు చెప్పేదేంటి, చూస్తన్నాగా. పదకొండేళ్ళ కింద మొదట్లో మీరు వొంగి గోకేవోరు. మోకాళ్ళ కాడ ఉప్పు. 'అబ్బా, అమ్మా' అనేవోరు. ఇప్పుడు నిట్టనిలువునా నిలబడి గోకుతున్నారు. ఏం తైలం రాశారో చెబితే మా అమ్మక్కూడా రాస్తా."

నేను నా చేయి చూసుకున్నాను. రేకు నా నడుము దగ్గర ఉంది. ఉప్పు గీత నా నడుము దగ్గర ఉంది.

నిజంగానే నా నడుము బాగుపడిందని అనుకున్నాను. రోజూ నడక, మితాహారం, నిగ్రహం. నాలుగైదేళ్ళుగా నలుగురికీ అదే చెబుతున్నాను. దాని మీద సంస్థ పత్రికలో ఒక వ్యాసం కూడా రాశాను.

పోలయ్య చేట సర్దుకుని వెళ్ళిపోయాడు. అతనికి నవ్వే ఉద్దేశం తప్ప మరేదీ లేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఎండ వేళ హెచ్చరిక గంట మోగేదాకా కూర్చున్నాను.

ఆగస్టు 28

టేపు తీసుకెళ్ళి కొలిచాను. మెట్టు మీదనుంచి ఉప్పు గీత ఎనభై ఏడు సెంటీమీటర్లు. పదకొండేళ్ళ నాటి నా పుస్తకంలో యాభై. అంటే నీళ్ళు ముప్పై ఏడు పెరిగాయి. కానీ సముద్రం అన్నేళ్ళలో పెరిగింది ఆరే. ఉపగ్రహాలు రోజూ కొలిచి చెబుతున్నాయి, దానిలో అనుమానం లేదు.

ముప్పై ఏడులో ఆరు పోతే ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒకటీ సముద్రం లేవలేదు. మనం దిగాం.

ఆగస్టు 30

బెంచిమార్కు రాయి దగ్గరికి వెళ్ళాను. నా ముప్పై ఒకటో ఏట నా చేత్తో పాతిన రాయి. కొత్త బందరులో ఏ ఎత్తు కొలిచినా ఆ రాయి నుంచే నేను కొలుస్తాను. వకుళ ఉపగ్రహం నుంచి కొలిచింది. ఆకాశంలోంచి చూసి కాళ్ళకింది నేల ఎత్తు చెప్పడమేమిటని సభలో వెక్కిరించాను. రాయి కదలదు అన్నాను.

రాయి కదల్లేదు నిజమే. ఊరితోపాటు దిగింది. రొయ్యల చెరువులకూ తాగడానికీ అడుగునుంచి నీళ్ళు తోడితోడి నేలను పిండేశారు. ఊరూ కట్టా రాయీ అన్నీ కలిసి ముప్పై ఒక్క సెంటీమీటర్లు కిందికి దిగాయి. కలిసి దిగుతున్నవాటిలో ఒకదాన్ని పట్టుకుని మరొకదాన్ని కొలిచాను. పడవలో కూర్చుని, పడవ బల్లకు గుర్తు పెట్టి, పడవ మునగడం లేదని రాసినట్టు.

పద్నాలుగో తప్పు తప్పు కాదు. నవంబరు తుఫానుకు నా లాకులు మూసుకునేలోపు నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి.

ఉపగ్రహాన్ని మొన్న నమ్మాను. రెండేళ్ళ కింద ఎందుకు నమ్మలేదు? మొన్న కొలిచింది నేను. అప్పుడు కొలిచింది వకుళ. ఇంతకంటే గొప్ప శాస్త్రీయ కారణం నాకు దొరకలేదు.

సెప్టెంబరు 2

సుధాంశు దగ్గరికి వెళ్ళాను. కొలతలు బల్ల మీద పెట్టాను. అతను తెలివితక్కువవాడు కాదు. ఒక్క నిమిషంలో అర్థమైంది. ముఖం చూసి నాకది తెలిసింది. అదే నాకు ఎక్కువ అసహ్యం కలిగించింది.

"లాకు మట్టం దించమని ఇవ్వాళే ఉత్తర్వు ఇవ్వు," అన్నాను.

"ఇస్తాం గురువుగారూ, ఎందుకివ్వం? సదస్సు అయ్యాక."

"తుఫాను నీ సదస్సు కోసం ఆగదు."

"తుఫాను నవంబరు కదండీ. సదస్సు అక్టోబరు పన్నెండుకి అయిపోతుంది. పద్నాలుగున నేనే సంతకం పెడతాను. ఇప్పుడు దించితే ఎందుకు దించారని అడుగుతారు. పతకం ఆగుతుంది. పదిహేడు పట్టణాల ఒప్పందం ఆగుతుంది. పెద్దవారు, మీ పేరు పోతుంది."

"నా పేరు సంగతి నేను చూసుకుంటాను. శాంతిగృహానికి వెళ్ళడానికి సంతకం పెట్టు. వకుళతో మాట్లాడాలి."

"అది మాత్రం అడక్కండి. పన్నెండో నియమం. మీరక్కడ ఆవేశపడితే మొత్తం బృందం భద్రత..."

"ఆవిణ్ణి సదస్సు చివరి రోజున తరలిస్తున్నారు. నీకు తెలుసుగా?"

"తెలుసండీ. చాలా బాధాకరం." కాగితాలు సర్ది నాకే తిరిగి ఇచ్చాడు. "గురువుగారూ, భద్రంగా ఉంచుకోండి."

బయటికి వస్తూ తలుపు దగ్గర ఆగాను. కూజా ఎక్కడుందా అని చూశాను. అతని గదిలో కూజా లేదు. అందుకే అతను భద్రతా సంఘం అధ్యక్షుడు.

సెప్టెంబరు 15

గ్రేసమ్మ దగ్గర రెండో శిక్షణ. నాడిపట్టీ కట్టగానే, ఒక్క ఫోటో కూడా చూపకముందే, డెబ్బై నాలుగు.

ఆవిడ పట్టీ విప్పి, తుడిచి, మళ్ళీ కట్టింది. డెబ్బై ఆరు. నలభై ఒక్క ఫోటోలూ చూపించింది. ఏ ఫోటోకూ అంకె కదల్లేదు. సుధాంశు ఫోటోకు ఒకటి పెరిగిందంతే.

"ఎవరండీ ఈ కొత్త మనిషి? జాబితాలో లేరు."

"కనుక్కోండి. మీ ఉద్యోగం అదే."

"చల్లమాత్ర వేసుకోండి మాస్టారూ. అందరూ వేసుకుంటున్నారు. రెండు వేసుకుంటే కన్నతల్లి పోయినా చెమట పట్టదు."

"వకుళకు ఇచ్చారా పోయినేడు?"

"ఇచ్చానండీ. వద్దంది. నాలుక మందగిస్తుంది, నేను అక్కడ మాట్లాడాలి అంది. బలవంతం చెయ్యాల్సింది. ప్రతి ఆదివారం ఆ పిల్ల పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నాను." ఫోటోలు సర్దుకుంటూ అంది: "మీరు చెయ్యరుగా."

చెయ్యను. మాత్రల డబ్బీ జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం చేపలకు వేశాను. బందరు కాలువలో చేపలు రెండు రోజులు ఎవరి మీదా కోపం లేకుండా తిరుగుతాయి.

అక్టోబరు 2

గాలి ఓడ బయల్దేరింది. రేవు దగ్గరికి పోలయ్య వచ్చాడు. నాకు వీడ్కోలు చెప్పడానికి కాదు. ఎండు చేపల పొట్లం, దువ్వెన, ఒక నూలు చీర ఉన్న సంచి ఇచ్చాడు.

"అక్కకి ఇయ్యండి. మీకు కనపడితేనే సుమా. కనపడకపోతే చేపలు మీరు తినేయకండి."

"పోలయ్యా, పద్నాలుగోది తప్పు కాదు. తప్పు నాది."

ఇది ఈ ఊళ్ళో మొదట ఇతనికే చెప్పాలని ఎందుకనిపించిందో తెలియదు. అతను కొడతాడేమో అనుకునేంత దగ్గరగా వచ్చాడు.

"నాకు చెబుతారేంటండీ," అన్నాడు. "నాకు తెలవదా? రోజూ ఆ తలుపులు మూసేది నేను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"లస్కరు చెబితే మీరు ఇంటారా?"

వినను. ఆ మాట అతని ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆరు రోజుల ప్రయాణం. మిగతా పదిమందీ మాత్రలు వేసుకుని పాలు తాగిన దూడల్లా కిటికీల దగ్గర కూర్చున్నారు. సుధాంశు నా భుజం మీద దుప్పటి కప్పాడు. దాన్ని మడిచి అతని ఒళ్ళో పెట్టాను.

అక్టోబరు 8

హల్మారా. చలి. గేటు మీద అన్ని భాషల్లోనూ రాసి ఉంది. తెలుగులో: "వైరము లేనివారికే ప్రవేశము. సుస్వాగతము." వైరం లేకపోతే సదస్సెందుకు? భోజనానికా? భోజనానికే.

గేటు దగ్గర ఒక కుర్ర అధికారి. మెడకు కట్టుకున్న యంత్రం అతని మాటల్ని తెలుగులోకి మారుస్తోంది. ఆ తెలుగు నా చిన్నతనంలో తాలూకా ఆఫీసుల్లో చచ్చిపోయిన తెలుగు. ఇక్కడ దానికి ఉద్యోగం దొరికింది.

"ఈ దేశమున ఉన్న ఏ వ్యక్తి పైననైనను తమకు వైరము కలదా?"

"మీరే చూసుకోండి."

గేటు మోగింది. ఎనభై మూడు. మిగతా పదిమందీ రెండు అడుగులు వెనక్కి జరిగారు. భద్రత బాగానే వంటబట్టింది.

యంత్రం పేరు వెతికింది. చాలాసేపు వెతికింది. కుర్రవాడు తెర చూసి, నన్ను చూసి, మళ్ళీ తెర చూశాడు. పై అధికారిని పిలిచాడు. ఆవిడా చూసింది.

"తమ వైరము ఘంటా పరాంకుశము అను వ్యక్తి పైన ఉన్నది," అన్నాడు కుర్రవాడు.

"అవును."

"ఆయన నేడు మా దేశమునకు వచ్చుచున్న గౌరవ అతిథి. పన్నెండవ తేదీన పతకము స్వీకరించవలసినవారు."

"అవును."

"తమ వలన ఆయనకు హాని కలుగవచ్చును."

"కలగాలనే నా కోరిక."

వాళ్ళు కాసేపు మాట్లాడుకున్నారు. ఆ మనిషి నేనేనని వాళ్ళకు తెలియక కాదు. నియమంలో 'ఏ వ్యక్తి పైననైనను' అని ఉంది. నియమం రాసినవాడు తనను తాను అసహ్యించుకునే మనిషి ఉంటాడని ఊహించలేదు. చల్లని దేశం, సుఖంగా పెరిగి ఉంటాడు. చివరికి నన్ను అతిథి నుంచి రక్షించలేక, అతిథిని నానుంచి రక్షించడానికి శాంతిగృహానికి పంపాలని తేల్చారు.

సుధాంశు గేటు దాటాడు. నాడి పన్నెండు. అటునుంచి నావైపు తిరిగి చేతులు జోడించాడు.

"బెంగపడకండి గురువుగారూ. పతకం మీ తరఫున నేను తీసుకుంటాను."

వెళ్ళిపోయాడు. పోయినేడు వకుళను వదిలి నేనూ ఇలాగే వెళ్ళాను. చేతులు మాత్రం జోడించలేదు.

అక్టోబరు 10

శాంతిగృహం తెల్లటి గోడల బడి లాంటిది. రోజూ పొద్దున నాడి కొలుస్తారు. కొలవడానికి ఒక పర్యవేక్షకురాలు ఉంది. ఎవరినీ కొట్టరు, తిట్టరు. కోపం తగ్గిందా అని అడుగుతారు, అంతే. ఆ ప్రశ్న రోజూ వింటే ఎవరికైనా పెరుగుతుంది.

మధ్యాహ్నం వకుళను ఎదుట కూర్చోబెట్టారు. సగం జుట్టు నెరిసింది. నలభై రెండేళ్ళ మనిషి. నన్ను చూడగానే లేచి నిలబడింది, అలవాటు కొద్దీ. వెంటనే తన కోపం గుర్తొచ్చి కూర్చుంది.

"ఏంటి మాస్టారూ, దారి తప్పారా?"

ఆమె చేతికి ఉన్న పట్టీ మీద డెబ్బై రెండు.

"పద్నాలుగోది తప్పు కాదు," అన్నాను. "నేల ముప్పై ఒకటి కుంగింది. రాయి కూడా కుంగింది. కొలిచి చూశాను."

పర్యవేక్షకురాలు ఆశగా పట్టీవైపు చూసింది. డెబ్బై రెండు కాస్తా తొంభై ఒకటి అయింది.

"ఇప్పుడా?" అంది వకుళ. "ఇప్పుడా కొలిచేది? నాకు పన్నెండు నెలలు పోయాయండీ. మూడు ఉత్తరాలు వేస్తే మీరు పలకలేదు. మూడు! రోడ్డు మీద కుక్క కాలు విరిగినా ఆగి చూస్తారే. ఆ రోజు గేటు దగ్గర మీరు ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, 'ఏమ్మా, ఏంటి నీ కోపం' అంటే చాలు, అక్కడికక్కడే దిగేది. మీరు నడిచెళ్ళిపోయారు. టోపీ సర్దుకుంటూ వెళ్ళారు. నేను చూశాను."

చాలాసేపు తిట్టింది. రాయడానికి వీల్లేని మాటలు రెండు వాడింది. రెండూ సరైన చోటే వాడింది. తొంభై ఒకటి కదల్లేదు. పర్యవేక్షకురాలు తల అడ్డంగా ఊపి గడియారం చూసింది. ఎల్లుండి తరలింపు.

వకుళకు మాటలు అయిపోయాయి. నీళ్ళు తాగింది. పోలయ్య పంపిన సంచి చూసింది, దువ్వెన తీసి ఒళ్ళో పెట్టుకుంది. తరవాత, ఆఫీసులో అడిగినట్టు మామూలుగా అడిగింది:

"సరే. లాకు మట్టం దించారా?"

"లేదు."

"లేదా? తెలిసీ?"

"సెప్టెంబరు రెండున సుధాంశుకు చెప్పాను. సదస్సు అయ్యాక చూద్దామన్నాడు. ఎల్లుండి నా బదులు పతకం తీసుకుంటాడు. పదిహేడు ఊళ్ళకు అదే మట్టం ఇస్తాడు."

"పోలయ్య ఆ తలుపుల దగ్గరే ఉంటాడు," అంది మెల్లగా. "నీళ్ళొస్తే మొదట వాడి మీదికే వస్తాయి."

ఆమె కళ్ళు నామీదనుంచి పక్కకు పోయాయి. మనిషి అక్కడే ఉంది గానీ నన్ను చూడటం మానేసింది. పర్యవేక్షకురాలు ఉలిక్కిపడి పట్టీ దగ్గరికి వంగింది. అరవై. యాభై ఐదు. నలభై ఆరు.

"పరాంకుశము ఫైలు: నలభై ఆరు. మూయబడినది," అంది యంత్రం.

"చూడండి," అన్నాను నేను, నోరు ఊరుకోక. "ఆమె ముఖం చూడండి. కోపం తగ్గిందా అది? సుధాంశు మీద..."

"ఆ పేరు మీద ఈమెకు ఫైలు లేదు. ఫైలు గేటు దగ్గర తప్ప తెరవరాదు. ఈమె గేటు లోపలే ఉన్నారు." పర్యవేక్షకురాలు ఎంతో సంతోషంగా పట్టీ విప్పింది. పాపం, ఆవిడకు విడుదలలు ఎక్కువ ఉండవనుకుంటాను.

వకుళ లేచింది. నా ముందు కాగితం పెట్టింది.

"రాయండి. కొలతలన్నీ. కింద సంతకం పెట్టండి. మీ మాట నాకొద్దు, సంతకం కావాలి."

రాశాను. పెట్టాను. తడి ఆరకముందే లాక్కుంది.

"వకుళా, నామీద..."

"మీ మీద కోపం పోలేదండీ," అంది చీర సంచి భుజానికి తగిలించుకుంటూ. "ఇప్పుడు దానికి టైం లేదు."

కిటికీలోంచి చూశాను. సభామందిరం వైపు నడుస్తోంది. పన్నెండు నెలలు కూర్చోబెట్టిన కాళ్ళు అంత వేగంగా నడుస్తాయనుకోలేదు. హల్మారా దేశం పదిహేనేళ్ళలో ఇంతకంటే ప్రమాదకరమైన మనిషిని తన సభలోకి వదిలి ఉండదు.

అక్టోబరు 13

పర్యవేక్షకురాలు చెప్పింది. నిన్న సభలో సుధాంశు పతకం కోసం వేదిక ఎక్కుతుంటే ఒక ప్రతినిధి అడ్డంగా నిలబడి గంటా పది నిమిషాలు మాట్లాడిందట. ఎవరినీ ముట్టుకోలేదు. అంకెలే చదివిందట. సుధాంశు తనకు రక్షణ కావాలని అధికారులను కోరాడట. గేటు దాటినవారందరూ నిర్వైరులని, కాబట్టి ప్రమాదం లేదని వాళ్ళు రాతపూర్వకంగా జవాబిచ్చారట.

గుమాస్తాల భాష మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

అక్టోబరు 15

బందరుకు ఉత్తర్వు వెళ్ళింది. మట్టం దించారు. పోలయ్య దించాడు. పదిహేడు పట్టణాల ఒప్పందం ఆగింది. పతకం ఎవరికీ ఇవ్వలేదు. వకుళ మొన్నటి గాలి ఓడలో వెళ్ళిపోయింది. నన్ను చూడటానికి రాలేదు. వస్తుందనుకున్నానని కూడా రాయను.

నవంబరు 21

నా ఫైలు విషయంలో వీళ్ళకు ఒక చిక్కు వచ్చింది. వైరానికి పాత్రుడైనవాడు వచ్చి ఎదుట నిలబడాలి. అతను రోజూ వస్తూనే ఉన్నాడు. అద్దం తెచ్చిపెట్టారు. అంకె దిగడం లేదు.

బందరుకు తుఫాను వచ్చి పోయిందట. ఊళ్ళోకి నీళ్ళు రాలేదట. ఆ కబురు చెప్పి, ఇక దిగుతుందనే నమ్మకంతో పర్యవేక్షకురాలు పట్టీ కట్టింది. ఎనభై ఒకటి.

"ఇంకను కోపమేల?" అని అడిగింది. "ఆయన తన తప్పు ఒప్పుకొన్నారు గదా. వృద్ధులు. మీరైనను క్షమించరాదా?"

మంచి మనిషి. ఎంతో ఓపికగా అడిగింది.

"మీకు ఆయన సంగతి తెలియదమ్మా," అన్నాను.